మా ఊరి ఎండ గడియారం

వెలిగండ్లలో ఏప్రిల్ రెండో వారం దాటిందంటే ఎవరిని ఏ పని అడిగినా జవాబు రెండే రకాలు. ఒకటి 'పొద్దెక్కక ముందే', రెండోది 'చల్లబడినాక'. ఈ రెంటికీ నడుమ ఉన్న ఆరేడు గంటలను మా ఊరు లెక్కలోకి తీసుకోదు. అప్పు తీర్చాల్సినవాడు చల్లబడినాక వస్తానంటాడు, అప్పిచ్చినవాడు పొద్దెక్కక ముందే వచ్చి అరుగు మీద కూర్చుంటాడు. గేదె బేరమైనా, గట్టు తగవైనా, పెళ్లిచూపులైనా అదే పద్ధతి. బదిలీ మీద కొత్తగా వచ్చిన ఉద్యోగులకు మొదటి వేసవిలో ఇది బద్ధకంగా కనపడుతుంది. పన్నెండు గంటలకు బజారంతా తలుపులు మూసుకుని ఉంటే, ఇక్కడ పనిచేసేవాళ్లే లేరా అనుకుంటారు. మరుసటి వేసవికి వాళ్లు కూడా నాలుగున్నరకే లేచి, ఏడు కొట్టేసరికి సగం పనులు ముగించుకుంటారు. ఎండలో బతకడం ఒక విద్య అని, అందులో సగానికి సగం వేళ తెలియడమేనని నేను నమ్ముతాను.

మ్యాపులో చూస్తే సముద్రం మాకు మరీ దూరం కాదు. తిన్నగా గీత గీస్తే వంద కిలోమీటర్లు కూడా ఉండదు. అయినా సాయంత్రం ఒంగోలు జనాన్ని సేదదీర్చే సముద్రపు గాలి కనిగిరి దాటి మా దాకా వచ్చే ఓపిక లేక దారిలోనే ఆగిపోతుంది. పడమట వెలిగొండలు, వాటికి పైన నల్లమల. జూన్‌లో నైరుతి మేఘాలు ఆ కొండల అవతలే బరువు దించుకుని మా మీదికి ఒట్టి చేతులతో వస్తాయి. మే నెలలో ఆ వైపు నుంచే వడగాలి వీస్తుంది. పైగా మాది రాతి నేల. పగలంతా తాగిన వేడిని రాత్రి పదకొండు దాకా తీరుబడిగా కక్కుతూనే ఉంటుంది. పదిహేనున్నర డిగ్రీల అక్షాంశం దగ్గర ఉన్నాం గనుక మే మొదటి వారంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ మధ్యాహ్నం మనిషి నీడ మనిషి కాళ్ల కిందే ఉంటుంది, తోడుకు కూడా రాదు.

విచిత్రమేమిటంటే, పంచాంగం ప్రకారం చిన్న కర్తరి మొదలయ్యేది కూడా అప్పుడే, మే 4 ప్రాంతంలో. 11 ప్రాంతంలో పెద్ద కర్తరి వస్తుంది, 28 దాకా ఉంటుంది. అంతకు మూడు రోజుల ముందే రోహిణి కార్తె అందుకుంటుంది. రోళ్లు పగిలేది అప్పుడే. జూన్ 8న మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడేదాకా ఊరంతా ఆకాశం వైపు చూపులే.

వాతావరణ శాఖ లెక్క వేరు. మైదాన ప్రాంతంలో 40 డిగ్రీలు దాటి, ఆ రోజుకు మామూలుగా ఉండాల్సిన దానికన్నా నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైతే వడగాడ్పు అంటారు. 45 తాకితే మామూలుతో పనిలేదు, వడగాడ్పే. 47 తాకితే తీవ్ర వడగాడ్పు. మామూలే నలభై దరిదాపుల్లో ఉండే మాబోటి ఊళ్లకు ఆ నాలుగున్నర ఎక్కువ కావడం తేలిక కాదు. 43 డిగ్రీల్లో మిరప కల్లంలో కూర్చుని కాయలు ఏరే ఆడమనిషికి, లెక్క ప్రకారం అది వడగాడ్పు రోజు కాదని ఎవరు చెప్పగలరు?

మా ఎండలో ఒక మోసం ఉంది. కోస్తా నుంచి వచ్చిన చుట్టం మొదటి రోజు ఎంతో మురిసిపోతాడు. "మీ ఊరే నయం బావా, మా ఒంగోల్లో చొక్కా పిండితే నీళ్లు కారతాయి, ఇక్కడ చెమటే పట్టదే" అంటాడు. చెమట పట్టక కాదు, పట్టింది పట్టినట్టే గాలి తాగేస్తుంది. చర్మం పొడిగా ఉంటుంది, ఒంట్లో నీళ్లు మాత్రం పోతూనే ఉంటాయి. దాహం తెలిసేసరికే ఆలస్యం. అందుకే మా ఇళ్లలో పెద్దవాళ్లు "దప్పికైతే తాగు" అనరు, "తాగి పో" అంటారు. గడప దాటే ప్రతివాడికీ చెంబు అందిస్తారు. వద్దంటే ఒప్పుకోరు. కాలేజీ పిల్లలు విసుక్కుంటారు గానీ, ఆ చెంబు వెనక ఉన్నది నిక్కమైన వైద్యం.

అదే పొడి గాలి మట్టికుండకు మాత్రం మేలు చేస్తుంది. కుండ గోడలోని సన్నటి రంధ్రాల గుండా నీరు బయటికి ఊరి, ఆవిరై, పోతూ పోతూ లోపలి వేడిని వెంట తీసుకుపోతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే ఆ పని అంత చురుగ్గా జరుగుతుంది. కోస్తాలో కుండ నీళ్లు ఒక మాదిరిగా చల్లబడితే మా దగ్గర పళ్లు జివ్వుమనేట్టు చల్లబడతాయి. ఎండ ఎక్కువైనకొద్దీ నీళ్లు చల్లగా ఉండటం మా ఊరికి దక్కిన వరం. దానికీ పద్ధతి ఉంది. కుండను గాలి ఆడే చోట పెట్టాలి, కింద ఇసుక పోసి తడపాలి, పై నుంచి తడిగుడ్డ చుట్టాలి. సబ్బు పెట్టి తోమకూడదు. మా నీళ్లలో ఉప్పు ఎక్కువ గనుక ఒక వేసవి గడిచేసరికి రంధ్రాలు తెల్లగా పూడుకుపోతాయి. ఆ కుండను గింజలకు వాడుకుని, ఉగాది నాటికి కొత్తది తెచ్చుకోవాలి. గింజల కుండలో నీళ్లు పోసి 'కుండ చల్లబరచడం లేదు, ఫ్రిజ్ కొందాం' అనేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఫ్రిజ్ కొనుక్కోండి, కాదనను. కుమ్మరి దగ్గర ఏటా ఒక కుండ కూడా కొనండి. కరెంటు పోయిన మధ్యాహ్నం మీ పిల్లల గొంతు తడిపేది అదే.

కూలరు నడిచేదీ కుండ నడిచే సూత్రం మీదే. అందుకే ఏసీ లేని ఇంట్లో కూడా మా దగ్గర కూలరు బాగా పనిచేస్తుంది. కాకపోతే తలుపులు, కిటికీలు బిగించి కూలరు వేసే అలవాటు కొందరికి ఉంది. అరగంటలో గది నిండా తేమ చేరి, ఉక్కపోసి, చివరికి కూలరును తిడతారు. కూలరును కిటికీలో పెట్టి, ఎదురుగా ఉన్న కిటికీ ఒకటి కొద్దిగా తెరిచి ఉంచాలి. ఇంకో చిక్కుంది. రాత్రంతా నడిచిన కూలరు తెల్లారేసరికి రెండు మూడు బిందెల నీళ్లు తాగుతుంది. నీటి ట్యాంకరు కోసం బిందెలు వరసబెట్టుకునే వీధిలో కూలరుకు నీళ్లు పోయడమంటే ఇంట్లో ఒక మనిషి ఎక్కువైనట్టే. అత్తా కోడళ్లు స్నానాల నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు, కూలరు నీళ్లు ఎలా సర్దుతారో చూస్తే పంచాయతీ బడ్జెట్ వాళ్ల చేత రాయించాలనిపిస్తుంది.

నీళ్ల మాట వచ్చింది గనుక ఒక సంగతి గట్టిగా చెప్పాలి. కనిగిరి, వెలిగండ్ల, పామూరు, పెదచెర్లోపల్లి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉందన్నది కొత్త సంగతి కాదు. పళ్ల మీద గార, వంగని మోకాళ్లు ఈ నేల మీద తరాలుగా చూస్తున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు హద్దు అంటుంది. ఆ అంకెను ఎండతో కలిపి చదవాలి. అమెరికా ప్రజారోగ్య శాఖ 1962లో తాగునీటిలో ఉండాల్సిన ఫ్లోరైడును నిర్ణయించినప్పుడు ఊరి వేడిని బట్టి అంకె మార్చింది. చల్లటి ఊళ్లకు 1.2, వేడి ఊళ్లకు 0.7 మిల్లీగ్రాములు. కారణం తేలిక. వేడి ఊళ్లో మనిషి ఎక్కువ నీళ్లు తాగుతాడు, కాబట్టి ఆ నీళ్లు ఇంకా శుభ్రంగా ఉండాలి. మాకు ఎండ ప్రాణాలు నిలబెట్టుకోవడానికి ఎక్కువ తాగమంటుంది, బోరు ఎముకలు నిలబెట్టుకోవడానికి తక్కువ తాగమంటుంది. ఈ రెంటి మధ్య నలిగేది పొలంలో బోరు పైపుకు నోరు పెట్టి తాగే కూలీ మనిషి. క్యాను నీళ్లు ఇంటికి వస్తాయి గానీ చేనికి రావు. పనికి పోయేటప్పుడు మంచినీళ్లు ఇంటి నుంచే తీసుకుపొమ్మని చెప్పడం ఒక్కటే చాలదు, ఆ నీళ్లు పనిచోటికి చేర్చే బాధ్యత పని చేయించుకునేవాళ్లది కావాలి.

ఈ నీళ్ల కష్టం తీరుస్తుందన్న ఆశతో 1996లో వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. పూల సుబ్బయ్య పేరు పెట్టారు. శ్రీశైలం దగ్గర కృష్ణ నుంచి కొండ కింద రెండు సొరంగాలు, ఒక్కొక్కటి పద్దెనిమిది కిలోమీటర్ల పైచిలుకు. రెండో సొరంగం తవ్వకం 2024 జనవరిలో పూర్తయింది. శంకుస్థాపన నాడు పుట్టిన పిల్లలకు ఇప్పుడు పిల్లలున్నారు. ఆ నీళ్లు ఇంటింటి కుళాయికి వచ్చినా మా ఎండ డిగ్రీ కూడా తగ్గదని తెలుసు. దాహమైనప్పుడు భయం లేకుండా తాగొచ్చు, అది చాలు.

కాస్త నీడకు వెళదాం. మా ఊళ్లో నీడకు ఉన్న విలువ సెంటు భూమికి కూడా లేదు. బస్సులు ఆగే చోట వేపచెట్టు కింద పొద్దున పడమటి వైపు నిలిపిన మోటారు సైకిళ్లు మధ్యాహ్నానికి తూర్పు వైపుకు చేరతాయి. టీ కొట్టు బల్ల కూడా వాటితో పాటే జరుగుతుంది. కొట్టుకు కొత్తవాడు వస్తే బల్ల ఎక్కడుందో చూసి టైము చెప్పొచ్చు. బస్సులో సీటు పట్టడం ఇంకో విద్య. కనిగిరి నుంచి పామూరుకు దక్షిణంగా పోయే బస్సులో పొద్దునైతే కుడివైపు కూర్చోవాలి, మూడు దాటాక ఎడమవైపు. తిరుగు ప్రయాణంలో ఇది తారుమారు. మా ఆడవాళ్లు బస్సు ఎక్కకముందే, డ్రైవరు ముఖం ఎటుందో చూసి కిటికీలోంచి తువ్వాలు ఏ వైపు వేయాలో తేల్చేస్తారు. దిక్కుల లెక్కలు బడిలో నేర్పనక్కర్లేదు.

తిండి కూడా అంతే. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లో, మజ్జిగో పోసి ఉంచి, పొద్దున ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తిన్నవాడు పదకొండు దాకా ఎండలో నిలబడతాడు. రాగి అంబలి సంగతి చెప్పనే అక్కర్లేదు. నీళ్లు, ఉప్పు, పిండి పదార్థం మూడూ ఒకే గిన్నెలో. డాక్టర్లు వడదెబ్బకు చెప్పే లీటరు నీళ్లు, ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు సూత్రానికి ఇది దగ్గరి చుట్టం. పెళ్లిళ్లలో మాత్రం ఈ తెలివి ఎటు పోతుందో తెలియదు. మే నెల మిట్టమధ్యాహ్నం రేకుల షెడ్డులో, మూడు రకాల వేపుళ్లతో, మసాలా కూరలతో భోజనం. వరుడు కోటు కూడా వేసుకుంటాడు. ఒక ముత్తవ్వ ఒకసారి పెళ్లిపందిట్లో గట్టిగా అన్నది: "కొత్తజంటకు అక్షింతలు చాలు నాయనా, వచ్చినోళ్లకు మజ్జిగ పొయ్యండి." ఆ మాటకు పందిరంతా నవ్వింది. ఆ పెళ్లివారు వెంటనే మజ్జిగ గుండిగ తెప్పించారు కూడా. రాత్రి ముహూర్తాలు ఉన్నప్పుడు పట్టుబట్టి వాటినే పెట్టించుకోండని నేను చెప్పేది ఆ పెద్దావిడ తరఫునే.

ఇంతవరకు ఇంటి సంగతులు. ఇంటి బయట బతికేవాళ్ల సంగతి వేరు. 2015 మే చివరి వారం మా వైపు ఎవరూ మరిచిపోరు. ఆ ఎండలకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఆ లెక్కల్లో ప్రకాశం జిల్లా పేరు ముందు వరసలో ఉంది. పోయినవాళ్లలో కూలీలు, వృద్ధులు, పశువుల వెంట తిరిగేవాళ్లు ఎక్కువ. వేళ తెలియక పోయినవాళ్లు కాదు. వేళ ఎంచుకునే వీలు లేక పోయినవాళ్లు.

కర్తరి రోజుల్లో బావులు తవ్వకూడదు, ఇంటికి శంకుస్థాపన చేయకూడదు, చెట్లు నరకకూడదు అంటారు. దీన్ని మూఢనమ్మకమని కొట్టేసేవాళ్లున్నారు. నాకు మాత్రం ఇందులో కూలిమనిషికి సెలవు కనపడుతుంది. ఏడాదిలో అన్నిటికన్నా కఠినమైన మూడున్నర వారాలు గునపం, పార, గొడ్డలి కింద పెట్టమని పంచాంగం చెబుతోంది. కారణం ఏదైనా, ఫలితం మంచిది. ఇప్పుడు సరిగ్గా ఆ రోజుల్లోనే చెరువు పూడికలు, కందకాల పనులు ముమ్మరంగా జరుగుతాయి. పొలం పనులు లేనిది అప్పుడే గనుక ఉపాధి హామీ పని అప్పుడే కావాలి. అది నిజమే, ఆ కూలి లేకపోతే ఇల్లు గడవదు. ఆడవాళ్లు ఐదున్నరకే సద్ది మూట కట్టుకుని బయల్దేరతారు. పదింటికల్లా ఇంటికి చేరాలని వాళ్ల ఆశ. 2023 జనవరి నుంచి పనిచోట రోజుకు రెండుసార్లు ఫోటో తీసి యాప్‌లో పెట్టాలన్న నిబంధన తప్పనిసరైంది. పని అయిపోయినా రెండో ఫోటో కోసం ఆగాలి. సిగ్నల్ లేని చెరువు కట్ట మీద ఆ ఆగడం ఎంత సేపో ఎవరూ చెప్పలేరు. దొంగ హాజర్లు అరికట్టాల్సిందే. కానీ ఎండ నడినెత్తికి ఎక్కాక మనిషిని ఫోటో కోసం నిలబెట్టకూడదు.

ఎడారి దేశాలకు ఈ సంగతి చట్టం రూపంలో తెలుసు. కడప వైపు నుంచి ఎంతమంది కువైట్ వెళ్లారో మనకు తెలుసు. అక్కడ జూన్ మొదలు ఆగస్టు చివరి దాకా పగలు 11 నుంచి సాయంత్రం 4 వరకు ఆరుబయట ఎండలో పని చేయించడం నిషేధం. ఖతర్ 2021లో ఆ వేళను ఉదయం 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా పెంచింది, జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు. మన దేశంలోనే, కేరళలో కార్మిక శాఖ వేసవిలో మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఎండలో పని ఆపించే ఉత్తర్వులు ఇస్తుంది. కేరళ ఎండ మా ఎండ ముందు ఎంత? అయినా వాళ్లకు ఆ నియమం ఉంది. మా పల్లెల నుంచి బేల్దారి పనికి హైదరాబాద్, బెంగళూరు వెళ్లే మేస్త్రీలు స్లాబు మీద మధ్యాహ్నం రెండింటికి సిమెంటు కలుపుతుంటే వాళ్లను దిగిపొమ్మని చెప్పే నియమం లేదు.

మన దగ్గర మంచి అలవాట్లు లేకపోలేదు. మార్చి నడిమి నుంచి ఒంటిపూట బడులు పెడుతున్నాం. పిల్లలు పొద్దున ఏడూ ముప్పావుకు వెళ్లి పన్నెండున్నరకు వచ్చేస్తారు. ఇది రాష్ట్రమంతా ఎప్పటినుంచో సాగుతున్న పద్ధతి, దాని వల్ల చదువులు ఆగిపోలేదు. పింఛను ఒకటో తారీఖు తెల్లారగట్ల ఇంటి గుమ్మంలోనే ఇవ్వడం కూడా అటువంటి మంచి పద్ధతే. ఆ పద్ధతి తప్పి వృద్ధులు పింఛను కోసం బ్యాంకుల ముందు నిలబడాల్సి వచ్చిన 2024 ఎన్నికల వేసవి ఎంత కష్టంగా గడిచిందో వాళ్లను అడగండి. బడికి చేసిన ఏర్పాటు మండల ఆఫీసుకు, బ్యాంకుకు, రిజిస్ట్రేషన్ ఆఫీసుకు ఎందుకు చేయకూడదు? ఏప్రిల్ 15 నుంచి మృగశిర దాకా పొద్దున ఏడు నుంచి పదకొండు, మళ్లీ సాయంత్రం నాలుగున్నర నుంచి ఏడు. ఆఫీసులో ఉన్నవాళ్లకు ఫ్యాను ఉంటుంది, అర్జీ పట్టుకుని వచ్చిన ముసలాయనకు వెలిగండ్ల నుంచి తన పల్లెకు తిరిగి పోవడానికి ఆటో దొరికేదాకా నెత్తిన ఎండే ఉంటుంది. వేళ మార్చడానికి నిధులు అక్కర్లేదు, టెండర్లు అక్కర్లేదు, ఒక కాగితం, ఒక సంతకం చాలు.

ప్రభుత్వం సంతకం చేసేదాకా మనం ఆగనక్కర్లేదు. చేనిలో పనికైనా, ఇంటి గోడ కట్టించుకోవడానికైనా, మనుషులను పిలిచే ప్రతి ఒక్కరికీ నా విన్నపం ఇది. ఈ వేసవిలో వాళ్లను ఆరింటికి పిలవండి, పదకొండుకు పంపండి, రోజు కూలి పూర్తిగా ఇవ్వండి. పనిచోట నీడలో ఒక మంచినీళ్ల కుండ, ఒక మజ్జిగ బిందె మీ ఖర్చుతో పెట్టండి.